బీదర్ గుమ్మటాలు, ఒక దొంగ ఉత్తరం

దైవప్రవక్త (స) ఆరంభ కాలంలో తమ అనుచరులను సమాధుల దర్శనం నుండి వారించారు. ఏకేశ్వర విశ్వాసం వారి హృదయాలలో స్థిరపడిన తరువాత అనుమతి ప్రసాదించారు. అనుమతికి కారణాన్ని కూడా తామే తెలియజేశారు: సమాధుల దర్శనం పరలోకాన్ని జ్ఞాపకం చేస్తుంది. ఈ ఒక్క ఉద్దేశాన్ని మనసులో నిలుపుకొని వెళ్ళేవానికి రాజు సమాధి అయినా, కూలివాని సమాధి అయినా ఒకే పాఠం చెబుతుంది. ఉద్దేశం మరచినవానికి మాత్రం అది రాళ్ళ కుప్పగానో, మొక్కుబడుల స్థలంగానో, ఫోటోలు దిగే ప్రదేశంగానో మిగిలిపోతుంది.

గత శీతకాలంలో మా మదర్సా పై తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని బీదర్ వెళ్ళాను. హైదరాబాద్ నుండి జహీరాబాద్ మీదుగా సుమారు 140 కిలోమీటర్ల ప్రయాణం. నేడు బీదర్ కర్ణాటకలో ఉన్నా 1956 వరకు అది మన హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాయే. అక్కడి వీధులలో కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. పిల్లలకు చరిత్ర చూపించాలన్నది నా సంకల్పం. కానీ ఆ ప్రయాణం చివరకు నన్నే ప్రశ్నించింది. ఆ సంగతి పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

అష్టూర్ మైదానంలో

బహమనీ రాజ్యం 1347లో వెలసింది. దాని తొలి రాజధాని గుల్బర్గా. తొమ్మిదవ సుల్తాను అహ్మద్ షా (పాలన 1422–1436) రాజధానిని బీదర్‌కు మార్చాడు. అతడు, అతని వంశీయులు బీదర్ పట్టణానికి తూర్పున కొద్ది దూరంలో ఉన్న అష్టూర్ గ్రామం వద్ద విశ్రమిస్తున్నారు. పొలాల నడుమ, ఎర్రమట్టి నేలపై ఒకే వరుసలో గుమ్మటాలు నిలిచి ఉంటాయి.

బస్సు దిగగానే పిల్లలు పరుగు తీయబోయారు. వారిని ఆపి, ముందుగా సమాధివాసులకు సలాం చెప్పించాను. "వీరు రాజులు కదా ఉస్తాద్‌జీ, మామూలు సలామేనా?" అని ఒక చిన్నవాడు అడిగాడు. మామూలు సలామే. మదీనాలోని జన్నతుల్ బఖీకి వెళ్ళినప్పుడు దైవప్రవక్త (స) అక్కడివారికి సలాం చెప్పి, వారి కోసం క్షమాభిక్ష వేడుకునేవారు. మీరు ముందు వెళ్ళారు, మేమూ అల్లాహ్ తలచినప్పుడు వచ్చి మిమ్మల్ని కలుస్తాము అన్న భావం ఆ సలాంలో ఉంది. అందులో రాజుకు ఒక వాక్యం ఎక్కువ లేదు, పేదకు ఒక వాక్యం తక్కువ లేదు.

ఆ వరుసను ఒక చివర నుండి మరొక చివరకు నడిచి చూస్తే రాజ్యం కథ మొత్తం కంటి ముందు సాగుతుంది. మొదట అహ్మద్ షా గుమ్మటం, పక్కన అతని కుమారుడు రెండవ అలావుద్దీన్ అహ్మద్ గుమ్మటం, తరువాత మనుమడు హుమాయూన్‌ది. ఇవి ఆకాశాన్ని అంటుతున్నట్లుంటాయి. ఆ తరువాత పూర్తి కాని గోడలు వస్తాయి. చివర ఉన్నవి పేరుకు మాత్రమే సుల్తానులైనవారి చిన్న చిన్న కట్టడాలు. చివరి సుల్తాను కలీముల్లా కాలానికి అధికారమంతా మంత్రుల చేతిలోకి పోయింది. దాదాపు 180 సంవత్సరాల రాజ్యం పెరుగుదల, తరుగుదల, అంతం ఒకే మైదానంలో రాతితో రాసి ఉన్నాయి.

వర్షం కోసం చేతులెత్తినవాడు

అహ్మద్ షా గుమ్మటం లోపల చీకటిగా ఉంటుంది. కావలి పెద్దమనిషి గుమ్మం బయట నిలబడి ఒక అద్దంతో ఎండను లోపలికి మళ్ళించాడు. ఆ వెలుగు గోడలపై జరుగుతూ పోయిన చోటల్లా బంగారు రంగు, సిందూరం, నీలం మెరిశాయి. గోడల నుండి గుమ్మటం కప్పు వరకు అందమైన అక్షరాలు, లతలు, పూలు. ఆరు వందల ఏళ్ళ నాటి రంగులు ఇంకా బ్రతికి ఉన్నాయి. సుల్తాను కిర్మాన్‌కు చెందిన సూఫీ షా నిమతుల్లా వలీని ఎంతగానో గౌరవించాడు. బీదర్‌కు రమ్మని ఆహ్వానించగా ఆయన తన మనుమణ్ణి పంపారు. తరువాత ఆయన కుమారుడు ఖలీలుల్లా కూడా వచ్చి ఇక్కడే కన్నుమూశారు. అష్టూర్ దారిలోనే ఆయన సమాధి, చౌఖండీ, ఎనిమిది ముఖాలతో కనిపిస్తుంది.

అహ్మద్ షాకు 'వలీ' అన్న బిరుదు ఎలా వచ్చిందో చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. రాజ్యంలో వానలు లేక కరవు వచ్చింది. సుల్తాను నగరం వెలుపలికి వెళ్ళి, నమాజు చేసి, అల్లాహ్ ముందు దీనంగా వేడుకున్నాడు. వర్షం కురిసింది. నాటి నుండి ప్రజలు అతణ్ణి వలీ అన్నారు. నేటికీ ఇక్కడ ఏటా ఉర్స్ జరుగుతుంది. ముస్లిములే కాక లింగాయతులు కూడా అతణ్ణి అల్లమ ప్రభువుగా భావించి భక్తితో వస్తారు.

ఈ మాట చెప్పగానే పిల్లల ముఖాలు వెలిగాయి. కానీ ఉపాధ్యాయుడు సగం చెప్పి ఊరుకోరాదు. అదే ఫిరిష్తా, అదే గ్రంథంలో, ఇదే సుల్తాను విజయనగరంపై దండెత్తినప్పుడు సామాన్య ప్రజలను, స్త్రీలను, పిల్లలను సైతం విడిచిపెట్టలేదని కూడా రాశాడు. మన ఓరుగల్లును బహమనీ రాజ్యంలో కలిపినవాడు కూడా ఇతడే. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపరాదని దైవప్రవక్త (స) స్పష్టంగా నిషేధించారు. ముస్లిం పేరు పెట్టుకున్న రాజు చేసినంత మాత్రాన ఆ నిషేధం సడలదు. వర్షం కోసం ఎత్తిన చేతులు, కత్తి పట్టిన చేతులు రెండూ అతనివే. ఏది ఎంత తూగుతుందో తూచేవాడు అల్లాహ్. అందుకే మేము అతణ్ణి ఏమీ కోరలేదు. అతని కోసం అల్లాహ్‌ను క్షమాపణ కోరాము. సమాధిలో ఉన్నవాడు మన దుఆకు అవసరపడేవాడు. మన అవసరాలు తీర్చేవాడు అతడు కాడు.

సమాధులను సున్నంతో గట్టిపరచడాన్ని, వాటిపై కట్టడాలు నిర్మించడాన్ని దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నదని పిల్లలకు జ్ఞాపకం చేశాను. చిత్రకారుల నైపుణ్యాన్ని మెచ్చుకోవచ్చు. ధర్మశాసనాన్ని మాత్రం ఆ నైపుణ్యం మార్చలేదు.

ఖుత్బా మధ్యలో లేచిన వ్యాపారి

రెండవ గుమ్మటంలో ఉన్న అలావుద్దీన్ అహ్మద్ (పాలన 1436–1458) బీదర్‌లో వైద్యశాల కట్టించాడు. దాని ఖర్చులకు గ్రామాలు కేటాయించి, హిందూ, ముస్లిం వైద్యులను నియమించాడని ఫిరిష్తా చెబుతాడు. మంచి పనే. కానీ అతని కాలంలోనే ఒక ఘోరం జరిగింది.

అప్పుడు బహమనీ దర్బారు రెండు వర్గాలుగా చీలి ఉంది. స్థానికులు దక్కనీలు, ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుండి వచ్చినవారు ఆఫాఖీలు. అందరూ కలిమా చదివేవారే. అయినా 'మావాడు, పైవాడు' అన్న రోగం వారిని పట్టింది. కొంకణ యుద్ధంలో సైన్యం ఓడిపోయి, మిగిలిన ఆఫాఖీలు చాకన్ కోటకు చేరుకున్నారు. వారు రాజద్రోహం తలపెట్టారని దక్కనీ సర్దారులు సుల్తానుకు లేఖ పంపారు. సుల్తాను విచారించలేదు. శిక్షించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞను పట్టుకొని వెళ్ళినవారు సయ్యదులతో సహా ఎందరినో మోసంతో హతమార్చారు. తరువాత నిజం బయటపడింది. చచ్చినవారు తిరిగి రారు కదా.

ఆ సుల్తానుకు శుక్రవారం తానే ఖుత్బా చదివే అలవాటు. అందులో తనను తాను న్యాయశీలి, దయాశీలి, సహనశీలి అని వర్ణించుకునేవాడు. ఒక రోజు అరబ్బు వ్యాపారి ఒకడు సభ మధ్యలో లేచాడు. అతడు ప్రభుత్వానికి గుర్రాలు అమ్మాడు, అధికారులు డబ్బు ఇవ్వక తిప్పుతున్నారు. ప్రవక్త వంశీయులను చంపించి, మింబరుపై నిలబడి ఇలాంటి మాటలు చెప్పుకుంటావా, నీవు న్యాయశీలివీ కావు, దయాశీలివీ కావు అని అతడు అందరి ముందూ అన్నాడు. సుల్తాను కన్నీరు కార్చాడు. అక్కడికక్కడే వ్యాపారి డబ్బు ఇప్పించాడు. తనకు ఈ అపకీర్తి తెచ్చినవారిని అల్లాహ్ విడువడని చెప్పి అంతఃపురానికి వెళ్ళిపోయాడు. మరణించిన తరువాత శవంగానే బయటకు వచ్చాడని ఫిరిష్తా రాశాడు.

నాకు ఈ వృత్తాంతంలో సుల్తాను కన్నీరు కన్నా, అతని ఆఖరి మాట ఎక్కువగా గుచ్చుకుంటుంది. తప్పు తెలిసింది. ఏడ్చాడు. అయినా నింద మాత్రం తనకు లేఖ పంపినవారిపైనే వేశాడు. లేఖ వారు రాశారు, నిజమే. చదివి నమ్మినవాడు ఎవరు?

పిడుగు ఎవరి మీద పడుతుంది?

మూడవది హుమాయూన్ (పాలన 1458–1461) గుమ్మటం. పిడుగుపాటుకు అది నిలువునా చీలింది. సగం గుమ్మటం పోయి, మిగిలిన సగం గాలిలో ఆగినట్లు నిలిచి ఉంది. మందమైన గోడ కోసినట్లు కనబడుతుంది. ఇతని పేరుకు 'జాలిమ్' అన్న మాట అతుక్కుపోయింది.

"చూశారా మౌలానా సాబ్! అందరి గుమ్మటాలూ ఉన్నాయి, దుర్మార్గుడిది మాత్రం అల్లాహ్ చీల్చేశాడు" అన్నాడు కావలి పెద్దమనిషి. పిల్లలు సుబ్‌హానల్లాహ్ అన్నారు. నేను వెంటనే ఏమీ అనలేదు.

మధ్యాహ్నం పట్టణంలోకి వచ్చి ఖ్వాజా మహ్మూద్ గవాన్ మదర్సా ముందు నిలబడ్డాము. 1472లో కట్టిన మూడంతస్తుల విద్యాలయం. ఇరాన్, మధ్య ఆసియాల మదర్సాల తీరులో నడుమ విశాలమైన ఆవరణ, నాలుగు వైపులా తరగతులు, విద్యార్థుల గదులు, ఉస్తాదుల నివాసాలు, ఒక మసీదు, మూడు వేల చేతిరాత ప్రతులతో గ్రంథాలయం ఉండేవి. ముఖభాగానికి పొదిగిన నీలి, పసుపు, తెలుపు పెంకుల పనిలో కొంత ఇంకా మిగిలి ఉంది. రెండు మీనార్లలో ఒకటే ఉంది. ముఖభాగంలో చాలా మేర లేదు.

"ఉస్తాద్‌జీ, మిగతాది ఏమైంది?" అని అడిగారు పిల్లలు.

"మొఘలుల కాలంలో దీన్ని సైన్యానికి వాడుకున్నారు. 1696లో పిడుగు పడింది. మందుగుండు నిల్వ ఉండడంతో పెద్ద నష్టం జరిగింది."

వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నేను అడిగాను: "ఉదయం ఒక దుర్మార్గుడి గుమ్మటంపై పిడుగు పడితే అల్లాహ్ ఆగ్రహం అన్నాము. ఇప్పుడు ఖుర్‌ఆన్, హదీసు బోధించిన విద్యాలయంపై పడిన పిడుగును ఏమందాము?"

ఎవరూ మాట్లాడలేదు. దైవప్రవక్త (స) కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆయన మరణం వల్లే గ్రహణం వచ్చిందని ప్రజలు అనుకున్నారు. కుమారుణ్ణి పోగొట్టుకున్న తండ్రి హృదయానికి ఆ మాట ఎంత ఓదార్పు కాగలదో ఆలోచించండి. అయినా దైవప్రవక్త (స) దాన్ని అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ వివరించారు. పిడుగు కూడా అల్లాహ్ ఆజ్ఞకు లోబడినదే. కానీ అది ఫలానావాని పాపానికి సాక్ష్యమని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

ఇంకొక సంగతి కూడా చెప్పాను. హుమాయూన్ క్రూరత్వం గురించి మనకు ఎక్కువగా తెలిసినది ఫిరిష్తా ద్వారానే. ఆయన రాసినది దాదాపు 150 ఏళ్ళ తరువాత. బహమనీ చరిత్రను జీవితమంతా పరిశోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ ఆ కథలలో అతిశయోక్తి ఉందని అభిప్రాయపడ్డారు. హుమాయూన్ మంచివాడని నేను అనడం లేదు. హదీసు విద్యలో ప్రతి మాటకూ 'ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు' అని అడగడం నేర్చుకున్న మనం, సమాధి ముందు నిలబడినంతనే ఆ విద్యను మరచిపోవద్దని మాత్రమే అంటున్నాను.

ఉత్తరాల ఉస్తాదుకు దొంగ ఉత్తరం

మదర్సా ఆవరణలోని నీడలో కూర్చోబెట్టి, దాన్ని కట్టించినవాని కథ చెప్పాను.

మహ్మూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతవాసి. 1453లో వ్యాపారిగా దక్కను చేరి, నలుగురు సుల్తానుల కాలంలో సేవ చేశాడు. మూడవ ముహమ్మద్ షా (పాలన 1463–1482) కాలంలో ప్రధానమంత్రిగా రాజ్యాన్ని ఒక కొస నుండి మరొక కొస వరకు విస్తరింపజేశాడు. భూములు కొలిపించాడు. నాలుగు పెద్ద రాష్ట్రాలను ఎనిమిదిగా విభజించి, అధిపతుల చేతిలో ఉన్న కోటలను తగ్గించాడు. పైరవీలతో బ్రతికినవారికి ఇది మింగుడు పడలేదు. అతడు గొప్ప రచయిత కూడా. లేఖారచన శాస్త్రంపై 'మనాజిరుల్ ఇన్షా' అన్న గ్రంథం రాశాడు. అతని లేఖల సంపుటి 'రియాజుల్ ఇన్షా'. ఉత్తరం ఎలా రాయాలో లోకానికి నేర్పినవాడు. అతని ప్రాణం తీసినదీ ఒక ఉత్తరమే.

శత్రువులు అతని ముద్ర భద్రపరిచే సేవకునికి మద్యం తాగించి, ఒక ఖాళీ కాగితంపై ముద్ర వేయించుకున్నారు. ఒడిశా రాజును బహమనీ రాజ్యంపై దండెత్తి రమ్మని గవాన్ పిలిచినట్లు దానిపై రాశారు. అప్పుడు సుల్తాను మన కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. ఉత్తరం అక్కడే అతని చేతికి అందింది. వెళ్ళవద్దని మిత్రులు హెచ్చరించినా గవాన్ పిలుపు అందగానే వెళ్ళాడు. ద్రోహం చేసినవానికి ఏ శిక్ష తగునని సుల్తాను అడిగాడు. మరణమే తగునని అతడు బదులిచ్చాడు. ఉత్తరం చూపించారు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడు గవాన్.

ఆలోచించండి. నిందితుడు స్వయంగా ఒక తేడా చూపించాడు. ముద్ర వేరు, రాత వేరు. ఆ రాతను అతని ఇతర లేఖలతో పోల్చి చూడడానికి ఒక్క ఘడియ చాలు. ముద్ర భద్రపరిచినవాణ్ణి పిలిపించడానికి మరొక ఘడియ. ఆ రెండు ఘడియలు సుల్తాను కేటాయించలేదు. మద్యం మత్తులో ఉన్నాడు. తల నరకమని పక్కనున్న హబ్షీ సేవకుడు జౌహర్‌కు ఆజ్ఞ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. 1481 ఏప్రిల్ 5న, డెబ్భై దాటిన వయసులో, కృష్ణా తీరంలోని మన గడ్డపై ఖ్వాజా మహ్మూద్ గవాన్ ప్రాణం పోయింది.

తరువాత సుల్తాను అతని ధనం ఎక్కడ ఉందని కోశాధికారిని అడిగాడు. గవాన్ ఖజానా రెండు భాగాలని అతడు చెప్పాడు. ఒకటి సైన్యం, గుర్రాలు, ఏనుగుల ఖర్చుది. రెండవది పేదలది. పేదల పేరనున్న దానిలో దొరికినది 300 లారీలు, అంటే ఆనాటి చిన్న వెండి నాణేలు. అతడు చాప మీద నిద్రించేవాడని, మట్టి పాత్రలలో తినేవాడని, తన వ్యాపారపు రాబడితోనే తన వంట సాగేదని తేలింది. సుల్తాను పశ్చాత్తాపంతో కుంగిపోయాడు. ఏడాది తిరగక ముందే, ముప్పై ఏళ్ళైనా నిండకుండా, మరణించాడు. అవసాన దశలో ఖ్వాజా తనను చంపుతున్నాడని కేకలు వేశాడని ఫిరిష్తా అంటాడు. ఆ తరువాత రాజ్యం ఐదు ముక్కలయింది. వాటిలో ఒకటి మన గోల్కొండ.

అష్టూర్‌లో ఉదయం చూసిన అసంపూర్తి గోడలలో ఒకటి ఈ మూడవ ముహమ్మద్ షాదే. గుమ్మటం లేదు. తలపై ఆకాశమే. తాత చాకన్‌లో ఒక లేఖను నమ్మాడు. మనుమడు కొండపల్లిలో మరొక లేఖను నమ్మాడు. తాత కన్నీళ్ళు మనుమడికి పాఠం కాలేదు.

నా బల్ల మీదికి వచ్చిన ఉత్తరం

ఇక్కడి వరకు చెప్పి ఆగి ఉంటే బాగుండేది. కానీ ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్‌జీ, ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది కదా! అంత తెలివితక్కువ సుల్తాను ఎలా అయ్యాడు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

సుమారు పదిహేనేళ్ళ క్రితం నేను బోధించే చోట ఒక ఆకాశరామన్న ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. వసతి గదిలో పోయిన డబ్బు ఫలానా కుర్రవాడు తీశాడని దానిలో ఉంది. అతడు పేద ఇంటి బిడ్డ. అంతకుముందు ఒకసారి చిన్న తప్పు చేసి ఉన్నాడు. అది చాలు, నా మనసు తీర్పు ఇచ్చేసింది. పిలిచి అడిగాను. "నేను తీయలేదు ఉస్తాద్" అన్నాడు. ఆ మాటను నేను వినలేదు, అతని కళ్ళలో భయాన్ని మాత్రమే చూసి దానినే రుజువుగా తీసుకున్నాను. మరునాడు అతని తండ్రిని పిలిపించి పంపించేశాను. నేను మద్యం తాగి లేను. పైగా ఆ ఏడాది ఖుర్‌ఆన్ వ్యాఖ్యానం బోధించే బాధ్యత నాదే.

నెల తరువాత డబ్బు దొరికింది. పోగొట్టుకున్నవాడే తన పెట్టె అడుగున మరచిపోయాడు. నేను ఆ ఊరు వెళ్ళాను. ఆ తండ్రి నన్ను మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. "మీరు వచ్చారు, అంతే చాలు హజ్రత్" అన్నాడు. కుర్రవాడు తలుపు దగ్గర నిలబడి సలాం చెప్పాడు, తిరిగి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చదువుకు రాలేదు. హిఫ్జ్ సగంలో ఆగిపోయింది. ఇప్పుడు ఆటో నడుపుతూ కుటుంబాన్ని పోషిస్తున్నాడు. కలిసినప్పుడల్లా గౌరవంగానే పలకరిస్తాడు. ఆ గౌరవం నాకు బరువుగా ఉంటుంది.

పేరు చెప్పకుండా ఈ సంగతి పిల్లలకు చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "సుల్తాను తెలివితక్కువవాడు కాడు నాన్నా," అన్నాను. "తొందర పడ్డాడు. అంతే. తొందర పడడానికి సింహాసనం అవసరం లేదు."

ఇంటింటికీ వచ్చే ఉత్తరాలు

హుజురాత్ సూరాలో అల్లాహ్ విశ్వాసులకు ఒక స్పష్టమైన ఆదేశం ఇచ్చాడు: నమ్మదగనివాడు ఏదైనా వార్త తెస్తే దాన్ని బాగా విచారించాలి. లేకపోతే తెలియక ఒక వర్గానికి హాని చేసి, తరువాత చేసిన పనికి పశ్చాత్తాపపడవలసి వస్తుంది. ఈ క్రమాన్ని గమనించండి. తెలియకపోవడం, హాని, పశ్చాత్తాపం. చాకన్‌లో ఇదే క్రమం. కొండపల్లిలో ఇదే క్రమం. నా బల్ల ముందూ ఇదే క్రమం. విన్నదల్లా ఇతరులకు చెప్పడమే మనిషి అబద్ధీకుడనడానికి చాలునన్న ప్రవక్త (స) హెచ్చరిక కూడా మనకు తెలిసినదే.

నేడు అటువంటి ఉత్తరాలు రోజుకు పదుల సంఖ్యలో మన చేతిలోని ఫోనుకు వస్తున్నాయి. రాసినవాడు ఎవరో తెలియదు. ముద్ర మాత్రం ఉంటుంది: మన మామయ్య పంపాడు, మన మసీదు గ్రూపులో వచ్చింది, మన ఆపా చెప్పింది. ముద్ర మనవాళ్ళదే, రాత ఎవరిదో! ఒక అమ్మాయి నడవడి గురించి ఎవరో అన్న మాటతో కుదిరిన సంబంధం తప్పిపోతుంది. కోడలు ఏదో అన్నదని మూడవ మనిషి మోసిన మాటతో అత్తాకోడళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోరు. అన్నదమ్ములు ఆస్తి కన్నా ఎక్కువగా మాటల వల్లే విడిపోతున్నారు. ఏ ఊళ్ళోనో ఏదో జరిగిందన్న వీడియో చూసి మన పిల్లలు ఉద్రేకపడుతున్నారు. అది ఏ సంవత్సరానిదో, ఏ దేశానిదో ఎవరూ అడగరు.

ప్రతి ఇంటి పెద్దా తన ఇంటికి సుల్తానే. తీర్పులు ఇస్తూనే ఉంటాడు. అందుకే మూడు ప్రశ్నలను అలవాటు చేసుకుందాము. ఈ మాట మొదట అన్నది ఎవరు? అతడు స్వయంగా చూశాడా? ఎవరి మీద అన్నారో, వారి సమాధానం విన్నామా? ఈ మూడవ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇద్దరు తగవుతో వస్తే రెండవవాని మాట వినే వరకు తీర్పు చెప్పవద్దని హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు పంపేటప్పుడు దైవప్రవక్త (స) బోధించారు. గవాన్ మాట సుల్తాను చెవిన పడింది. కానీ అతడు విన్నది లేదు. ఆ కుర్రవాని మాట నా చెవిన పడింది. నేనూ వినలేదు.

గోర్నళ్ళిలో అసర్ వేళ

సాయంత్రం పట్టణం వెలుపల గోర్నళ్ళి వైపు వెళ్ళాము. గవాన్ భౌతికకాయాన్ని కొండపల్లి నుండి బీదర్‌కు తెచ్చి ఇక్కడ ఖననం చేశారు. గుమ్మటం లేదు. రంగులు లేవు. బంగారు అక్షరాలు లేవు. ఒక అరుగు, దానిపై సమాధి. అష్టూర్‌లో చూసిన వాటి పక్కన పెడితే ఇది ఏమీ కాదు. కానీ ప్రవక్త (స) బోధనకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే.

అసర్ నమాజు దగ్గరలోనే చేసుకొని, అక్కడ నిలబడి సలాం చెప్పి, అతని కోసం దుఆ చేశాము. పిల్లలు ఉదయం అష్టూర్‌లో లాగా ఇక్కడ ఫోటోలు తీయలేదు. నేను చెప్పనూ లేదు.

తిరుగు ప్రయాణంలో జహీరాబాద్ దాటిన తరువాత, నవ్వి ప్రశ్న అడిగిన విద్యార్థి నా పక్క సీటులోకి వచ్చి కూర్చున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "ఉస్తాద్‌జీ, పోయిన నెల నేనొక అబ్బాయి గురించి మీకు ఒక మాట చెప్పాను. నేను చూడలేదు. ఎవరో అంటే చెప్పాను. రేపు అతన్ని క్షమాపణ అడుగుతాను" అన్నాడు.

ఆ మాట విన్న తరువాత నాకు ఆ ప్రయాణంలో ఇంకేమీ చూడవలసినది మిగలలేదనిపించింది. బస్సు దిగి ఇంటికి వెళ్ళే ముందు నేను ఆటో నడిపే నా పాత విద్యార్థికి ఫోను చేశాను. అతని పెద్ద కుమారుడు ఇప్పుడు హిఫ్జ్ వయసుకు వచ్చాడు. పంపించగలవా, నేనే స్వయంగా చదివిస్తాను అని అడిగాను. కొద్దిసేపు మౌనం తరువాత, "ఇంట్లో అడిగి చెబుతాను ఉస్తాద్" అన్నాడు. ఇంకా చెప్పలేదు. ఎదురు చూస్తున్నాను. తొందర పెట్టే హక్కు నాకు లేదు.

అల్లాహ్! అష్టూర్‌లో ఉన్నవారిని, గోర్నళ్ళిలో ఉన్నవానిని, మమ్మల్ని క్షమించు. మా చెవులను వదంతుల నుండి, మా నాలుకలను నిందల నుండి, మా తీర్పులను తొందరపాటు నుండి కాపాడు. మా వల్ల అన్యాయానికి గురైనవారి హక్కు తీర్చకుండా మమ్మల్ని మా సమాధులకు చేర్చకు. ఆమీన్.